ఒకే పునాది, వేర్వేరు కార్లు: ప్లాట్‌ఫామ్ పాఠం

"సెల్టోస్, క్రెటా రెండూ ఒకటే కారు రా, బ్యాడ్జీ మార్చారంతే."

ఈ మాట హాస్టల్లో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. వెంటనే ఇంకొకరు "పక్కపక్కన పెట్టి చూడు, ఒక్క ప్యానెల్ అయినా కలుస్తుందా?" అని ఎదురు దిగుతారు. తమాషా ఏంటంటే ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది, కొంత తప్పూ ఉంది.

2019 ఆగస్టులో వచ్చిన మొదటి తరం కియా సెల్టోస్ మన పెనుకొండ దగ్గర ఎర్రమంచి ఫ్యాక్టరీలో తయారైంది. 2020 మార్చిలో వచ్చిన రెండో తరం హ్యుందాయ్ క్రెటా చెన్నై దగ్గర శ్రీపెరంబుదూరులో తయారైంది. రెండు రాష్ట్రాలు, రెండు ఫ్యాక్టరీలు, రెండు షోరూములు. కానీ ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్య దాకా టేపు పెట్టి కొలిస్తే రెండిటికీ 2610 మి.మీ. వస్తుంది. 2019 వెన్యూ, 2020 సోనెట్ జత తీసుకోండి, రెండిటికీ 2500. ఇది కాకతాళీయం కాదని మీకూ అనిపిస్తుంది కదా. ఒకే గ్రూపులోని ఈ రెండు కంపెనీలు ప్లాట్‌ఫామ్ పంచుకుంటాయి.

మరి "ప్లాట్‌ఫామ్ పంచుకోవడం" అంటే సరిగ్గా ఏం పంచుకున్నట్టు? ఇది మెకానికల్ వాళ్ళకి మాత్రమే పట్టే ప్రశ్న కాదు. ఇంట్లో కారు కొనేటప్పుడు "దాని ప్లాట్‌ఫామే దీనిది కూడా, దానికి 5 స్టార్లు వచ్చాయి" అన్న మాట మీద లక్షల రూపాయల నిర్ణయం జరిగిపోతుంది. ఆ మాట ఎంతవరకు నమ్మొచ్చో ఈ పాఠం చివరికి మీరే చెప్పగలగాలి.

ముందు నిర్వచనం

పాత లారీల్లో చట్రం కంటికి కనిపిస్తుంది. రెండు పొడవాటి ఇనుప దూలాలు, మధ్యలో అడ్డ కమ్మీలు, పైన బాడీ. చట్రం వేరు, బాడీ వేరు. ఇప్పటి చిన్న కార్లలో అలా ఉండదు. నేల, పక్కలు, పైకప్పు అన్నీ వెల్డింగుతో ఒకే పెట్టెలా కలిసిపోయి, ఆ పెట్టే బరువు మోస్తుంది. దీన్నే మోనోకాక్ అంటాం. కాబట్టి కారు కింద దూరి "ఇదిగో ప్లాట్‌ఫామ్" అని వేలుపెట్టి చూపించడానికి విడిగా ఒక వస్తువు ఉండదు.

మరి ఏముంటుంది? ఫ్లోర్ పాన్, ఇంజన్‌కీ మన కాళ్ళకీ మధ్య ఉండే ఫైర్‌వాల్, ఇంజన్ మౌంటింగులు, సస్పెన్షన్ బిగించే చోట్లు, స్టీరింగ్, ఫ్యూయల్ ట్యాంకు ఉండే స్థలం, వైరింగ్ అమరిక. వీటన్నిటి కొలతలు, ఒకదానికొకటి ఎంత దూరంలో ఉండాలన్న లెక్కలు కలిపితే ప్లాట్‌ఫామ్. మార్చకూడదని ముందే తేల్చేసిన ఆ బిందువుల్ని డిజైనర్లు హార్డ్ పాయింట్లు అంటారు. బయటికి కనిపించే తలుపులు, బానెట్, లైట్లు, సీట్లు, డాష్‌బోర్డు అన్నీ దాని మీద తొడిగే టోపీ. పరిశ్రమలో నిజంగానే "టాప్ హ్యాట్" అంటారు.

ఇంకోలా చెప్పాలంటే, ప్లాట్‌ఫామ్ అంటే మళ్ళీ చర్చకు పెట్టకూడదని కంపెనీ ఒప్పుకున్న నిర్ణయాల మూట. ఒక కారుకీ ఇంకో కారుకీ మధ్య ఏ నిర్ణయాలు ఉమ్మడివి, ఏవి సొంతం అన్నదే అసలు లెక్క. ఉమ్మడి అనేదాంట్లో మూడు మెట్లున్నాయి.

మొదటి మెట్టు బ్యాడ్జీ మార్పు. బలెనోనే కాస్త మార్చి టయోటా 2019లో గ్లాంజా పేరుతో అమ్మింది. ప్లాట్‌ఫామూ, టోపీ దాదాపు రెండూ ఉమ్మడి.

రెండో మెట్టు ప్లాట్‌ఫామ్ పంపకం. కింద ఉమ్మడి, పైన ఎవరి టోపీ వాళ్ళది. మన సెల్టోస్, క్రెటా ఇక్కడికొస్తాయి.

మూడో మెట్టు మాడ్యులర్ పద్ధతి. ఇందులో కొన్ని కొలతలు మాత్రమే ఉమ్మడి, మిగతావి సాగదీసుకోవచ్చు, కుదించుకోవచ్చు.

ఈ మూడు మెట్లూ ఎలా వచ్చాయో చూద్దాం.

బీటిల్ నేల, మినీ ముక్కు

ఫోక్స్‌వాగన్ బీటిల్ మోనోకాక్ కాదు. మధ్యలో సొరంగం లాంటి వెన్నెముక ఉన్న ఒక ఫ్లోర్ పాన్, దాని మీద బోల్టులతో బిగించిన బాడీ. బోల్టులు విప్పితే బాడీ పైకి లేస్తుంది. అంటే ప్లాట్‌ఫామ్ ఇక్కడ నిజంగానే కంటికి కనిపిస్తుంది. 1955లో ఆ నేలనే కాస్త వెడల్పు చేసి, పైన అందమైన రెండు తలుపుల బాడీ పెట్టి కార్మన్ గియా తెచ్చారు. 1960లలో అమెరికాలో కుర్రాళ్ళు పాత బీటిల్ బాడీలు తీసేసి, నేల మీద ఫైబర్‌గ్లాస్ తొట్టెలు బిగించి ఇసుకలో నడిపే డ్యూన్ బగ్గీలు చేసుకున్నారు.

అదే నేల మీద వ్యాన్ చేద్దామనుకున్నప్పుడు మాత్రం కథ అడ్డం తిరిగింది. తొలి నమూనాలో వ్యాన్ బరువుకి బీటిల్ ఫ్లోర్ పాన్ తట్టుకోలేకపోయింది. చివరికి 1950లో వచ్చిన వ్యాన్‌కి వేరే నిర్మాణం ఇచ్చారు. వీల్‌బేస్ మాత్రం బీటిల్ లాగే 2400 మి.మీ. ఇంజన్ కూడా వెనకే. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది: వీల్‌బేస్ ఒకటే అయినా నిర్మాణం వేరుగా ఉండొచ్చు. పంచుకోవడానికి కూడా ఒక హద్దుంటుంది, ఆ హద్దును బరువు నిర్ణయిస్తుంది.

1959లో ఇంగ్లండులో అలెక్ ఇస్సిగొనిస్ రూపొందించిన మినీ వచ్చింది. పొడవు దాదాపు 3.05 మీటర్లు. ఇంజన్ని అడ్డంగా తిప్పి, గేర్‌బాక్సుని దాని కిందే ఆయిల్ సంపులో పెట్టి, ముందు చక్రాల్ని తిప్పించాడు. ఇంజన్, గేర్‌బాక్స్, ముందు సస్పెన్షన్ మొత్తం ఒక సబ్‌ఫ్రేమ్ మీద కూర్చుంటాయి. మొదట్లోనే ఆ కారు ఆస్టిన్ అనే పేరుతోనూ, మోరిస్ అనే పేరుతోనూ రెండు షోరూముల్లో అమ్ముడయ్యింది. అది మొదటి మెట్టు.

అక్కడితో ఆగలేదు. 1960లో వీల్‌బేస్ దాదాపు 10 సెంటీమీటర్లు సాగదీసి వ్యాన్ చేశారు. 1961లో వీల్‌బేస్ ముట్టుకోకుండా వెనక డిక్కీ మాత్రం పొడిగించి రైలీ ఎల్ఫ్, వూల్స్‌లీ హార్నెట్ చేశారు. హ్యాచ్‌బ్యాక్ పొడవు కారుకి వెనక డిక్కీ తగిలిస్తే సెడాన్. ఎక్కడో విన్నట్టుందా? స్విఫ్ట్ నుంచి డిజైర్ పుట్టిన పద్ధతి అదే. మనవాళ్ళకి ఆ లెక్క అర్థం కావడానికి అర శతాబ్దం ముందే అక్కడ జరిగిపోయింది.

ఈ ఉదాహరణల్లో ఒకటి గమనించండి. ముందు భాగం ఎవరూ ముట్టుకోలేదు. మార్చినదంతా వెనక. ఎందుకో తర్వాత చూద్దాం.

అతి చేస్తే ఏమవుతుంది?

పంపకం లాభమని తెలిశాక కంపెనీలకి ఆశ పెరిగింది. జనరల్ మోటార్స్ 1982 మోడల్ సంవత్సరానికి "జె" అనే ఒకే ప్లాట్‌ఫామ్ మీద చిన్న కార్లు దింపింది. అమెరికాలో షెవ్రొలే కెవలియర్‌తో పాటు పాంటియాక్, ఓల్డ్స్‌మొబైల్, బ్యూక్ పేర్లతో, యూరప్‌లో ఓపెల్ అస్కోనాగా, ఆస్ట్రేలియాలో హోల్డెన్ కమీరాగా. ఇంతవరకు బాగుంది. కానీ అదే కారుకి లెదర్ సీట్లు, కొంచెం అలంకారం చేర్చి, తమ విలాస బ్రాండు కాడిలాక్ పేరుతో సిమరాన్ అని చాలా ఎక్కువ ధరకి పెట్టారు. కొనేవాడు పిచ్చోడు కాదు. పక్క షోరూంలో ఉన్న కెవలియర్‌కీ దీనికీ పోలిక చూడగానే తెలిసిపోయింది. 1988 మోడల్‌తో సిమరాన్ ఆగిపోయింది. కాడిలాక్ పరువుకి తగిలిన దెబ్బ గురించి బిజినెస్ స్కూళ్ళలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇంజనీరింగులో తప్పు లేకపోయినా ఇక్కడ కొనేవాడికి కనిపించే చోట కూడా పంచేసుకున్నారు. ఇంట్లో అమ్మ ఒకే పిండితో మొదటి రోజు ఇడ్లీ, రెండో రోజు అట్టు, మూడో రోజు పునుగులు వేస్తుంది. ఎవరూ గొడవ చెయ్యరు, ఎందుకంటే పళ్ళెంలోకి వచ్చేసరికి రూపం, రుచి రెండూ వేరు. అదే ఇడ్లీని హోటల్లో వెండి పళ్ళెంలో పెట్టి పది రెట్లు బిల్లు వేస్తే? సిమరాన్ అదే.

గోల్ఫ్ నాలుగో తరం

1990లలో ఫోక్స్‌వాగన్ ఈ పాఠం ఇంకోలా నేర్చుకుంది. 1993లో ఫెర్డినాండ్ పియెష్ పగ్గాలు పట్టేసరికి ఆ గ్రూపులో సియాట్, స్కోడా కూడా చేరి ఉన్నాయి. 16 ప్లాట్‌ఫామ్‌లను 4కి తేవాలన్నది ఆయన లక్ష్యం. ఫలితం ఏంటో చూడండి. 1996లో ఆడి ఎ3, స్కోడా ఆక్టేవియా. 1997లో నాలుగో తరం గోల్ఫ్. తర్వాత న్యూ బీటిల్, ఆడి టి.టి., సియాట్ లియాన్. అన్నిటి కిందా ఒకటే ప్లాట్‌ఫామ్. పైన చూస్తే ఒకటి ఇంటికి సరిపడే కుటుంబం కారు, ఒకటి స్పోర్ట్స్ కారు, ఒకటి పాత బీటిల్ జ్ఞాపకం. ఇది రెండో మెట్టు.

కానీ ఆడి టి.టి. విషయంలో ఒక చేదు సంఘటన ఉంది. దాని గుండ్రటి వెనక భాగం చూడ్డానికి బాగుంటుంది. జర్మనీలో వేగ పరిమితి లేని రోడ్ల మీద చాలా వేగంగా వెళ్తూ ఒక్కసారిగా లేన్ మార్చినప్పుడు, మలుపు తీసుకున్నప్పుడు వెనక చక్రాలు పట్టు కోల్పోయి ప్రమాదాలు జరిగాయి, ప్రాణాలూ పోయాయి. కంపెనీ కార్లని వెనక్కి పిలిచి వెనక ఒక చిన్న స్పాయిలర్ బిగించింది, సస్పెన్షన్ సర్దింది, ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ ప్రోగ్రామ్ ఇచ్చింది. కింద ప్లాట్‌ఫామ్ గోల్ఫ్‌దే. గోల్ఫ్‌కి ఆ సమస్య రాలేదు. మారింది పైనున్న టోపీ ఆకారం, అందువల్ల మారిన గాలి ఒత్తిడి, మారిన సెట్టింగులు.

కాబట్టి ప్లాట్‌ఫామ్ ఒకటే అయితే రోడ్డు మీద ప్రవర్తన ఒకటే అని అనుకోవడానికి లేదు.

డబ్బు లెక్క

కంపెనీలు ఇన్ని తంటాలు పడి ఎందుకు పంచుకుంటాయి? ఒక ఊహా లెక్క వేద్దాం. ప్లాట్‌ఫామ్ డిజైన్, ప్రెస్సింగ్ డైలు, వెల్డింగ్ ఫిక్స్చర్లు, క్రాష్ టెస్టులు, లక్షల కిలోమీటర్ల పరీక్షలు అన్నీ కలిపి 1000 కోట్లు అనుకోండి. దాని మీద ఒకే మోడల్ చేసి 1 లక్ష కార్లు అమ్మితే ఒక్కో కారు మీద 1 లక్ష రూపాయల భారం పడుతుంది. అదే ప్లాట్‌ఫామ్ మీద నాలుగైదు మోడళ్ళు కలిపి 5 లక్షల కార్లు అమ్మితే ఆ భారం 20,000కి దిగుతుంది. 50 లక్షల కారులో 80,000 తేడా ఎవరికీ పట్టదు. 7 లక్షల కారులో అదే తేడా బతుకు చావు సమస్య. ప్లాట్‌ఫామ్ పంపకం చిన్న కార్లలో ఎక్కువ కనిపించడానికి ఇదొక కారణం.

రెండో వైపు కూడా చూడాలి. కుటుంబంలో అందరికీ సరిపోయే చొక్కా కుట్టాలంటే పెద్దన్న కొలత తీసుకోవాలి. తమ్ముడికి అది వదులు. ప్లాట్‌ఫామ్ కూడా తన మీదకొచ్చే అతి బరువైన మోడల్‌కి, అతి బలమైన ఇంజన్‌కి తగ్గట్టు ఉండాలి. అప్పుడు చిన్న మోడల్ తనకి అవసరం లేని ఇనుము మోస్తుంది. ఒక బ్రాకెట్ పెద్ద మోడల్ కోసం 40 రూపాయలు ఖరీదైనదని వేయాల్సి వచ్చిందనుకోండి. ఆ ఏడాది చిన్న మోడల్ 3 లక్షలు అమ్ముడైతే, ఆ ఒక్క బ్రాకెట్ మీదే 1.2 కోట్లు అనవసరపు ఖర్చు. ఇలాంటి బ్రాకెట్లు కారులో వందలుంటాయి. ఏది ఉమ్మడిగా ఉంచాలి, ఏది విడదీయాలి అని కూర్చుని తేల్చడమే ప్లాట్‌ఫామ్ ఇంజనీరు ఉద్యోగంలో సగం.

ఇంకో నష్టం: ఉమ్మడి భాగంలో లోపం దొరికితే ఒక్క మోడల్‌తో పోదు. ఆ భాగం వాడిన కార్లన్నిటినీ వెనక్కి పిలవాలి. లాభం ఎన్ని కార్లకి పంచామో, తలనొప్పి కూడా అన్నిటికీ పంచినట్టే.

పెడల్ నుంచి చక్రం దాకా

2012లో ఫోక్స్‌వాగన్ ఎం.క్యూ.బి. అనే పద్ధతి తెచ్చింది. అంతకు ముందు "ఒక సైజుకి ఒక ప్లాట్‌ఫామ్" అన్నది నియమం. ఎం.క్యూ.బి.లో వీల్‌బేస్ మారొచ్చు, వెడల్పు మారొచ్చు, ముందు వెనక ఓవర్‌హ్యాంగ్‌లు మారొచ్చు, చక్రం సైజు మారొచ్చు. మారనిది ముఖ్యంగా ఒకటే: యాక్సిలరేటర్ పెడల్ నుంచి ముందు చక్రం మధ్యకి ఉండే దూరం. దానితో పాటు ఇంజన్లన్నీ ఒకే కోణంలో, 12 డిగ్రీలు వెనక్కి వాలి కూర్చోవాలన్న నియమం.

ఆ దూరాన్నే ఎందుకు పట్టుకున్నారు? ఆ కాస్త జాగాలో ఏమేం ఇరుక్కుని ఉంటాయో ఊహించండి. ఇంజన్, గేర్‌బాక్స్, స్టీరింగ్ ర్యాక్, బ్రేక్ బూస్టర్, పెడల్స్, ఏసీ యూనిట్, ముందు సస్పెన్షన్. గుద్దినప్పుడు శక్తిని మింగాల్సిన దూలాలు కూడా అక్కడే. కారులో ఖరీదైన ఇంజనీరింగులో పెద్ద వాటా ఈ మీటరు చోటులోనే ఉంటుంది. వెనక భాగం పోల్చి చూస్తే ఖాళీ పెట్టె: ట్యాంకు, సీటు, డిక్కీ. అందుకే మినీ రోజుల నుంచీ ముక్కు వదిలేసి తోక సాగదీస్తున్నారు. అప్పుడు అనుభవంతో చేసినదాన్ని ఎం.క్యూ.బి. నియమంగా రాసిపెట్టింది. మూడో మెట్టు ఇదే.

మన రోడ్ల మీదకొద్దాం

మన దేశంలో తోక సంగతి పన్నుల శాఖ కూడా నిర్ణయించింది. 2006 బడ్జెట్లో 4 మీటర్ల లోపు పొడవు, పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటని కార్లకి ఎక్సైజ్ సుంకం తగ్గించారు. 2008లో వచ్చిన మొదటి డిజైర్ పొడవు 4160 మి.మీ. 2012లో వచ్చిన రెండోది 3995. ఆ తరం స్విఫ్ట్, డిజైర్ రెండిటి వీల్‌బేస్ 2430. డిక్కీని కత్తిరించారు, ముక్కు జోలికి పోలేదు. రోడ్డు మీద తెగ కనిపించే ఆ పొట్టి తోక సెడాన్లు మన పన్ను చట్టం, ప్లాట్‌ఫామ్ పంపకం కలిసి కన్న పిల్లలు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్లకి జీఎస్టీ 18 శాతం, పెద్దవాటికి 40 శాతం అయ్యాక కూడా ఆ 4 మీటర్ల గీత అలాగే ఉంది.

ఇప్పుడు రెండు కుటుంబాల కొలతలు చూడండి. మొదటిది ఎం.క్యూ.బి.ని మన దేశానికి తగ్గట్టు మార్చిన ఎం.క్యూ.బి. ఎ0 ఇన్.

కుషాక్, టైగున్, స్లావియా, వర్టస్: వీల్‌బేస్ 2651 మి.మీ.
కైలాక్: 2566 మి.మీ.

కైలాక్‌ని 4 మీటర్ల గీత లోపలికి తేవాలి కాబట్టి వీల్‌బేస్ కూడా కుదించారు. రెండోది రెనో, నిస్సాన్‌ల సి.ఎం.ఎఫ్.-ఎ కుటుంబం.

క్విడ్: 2422 మి.మీ.
మాగ్నైట్, కైగర్: 2500 మి.మీ.
ట్రైబర్: 2636 మి.మీ.

2015లో చవక కారుగా వచ్చిన క్విడ్ ప్లాట్‌ఫామ్‌నే సవరించి, 2019లో ఏడుగురు కూర్చునే ట్రైబర్ చేశారు. వీల్‌బేస్‌లో 214 మి.మీ. తేడా. టేపు పట్టుకుని కొలిచినవాడు ఇవి రెండూ చుట్టాలని కలలో కూడా అనుకోడు.

స్టార్లు ప్లాట్‌ఫామ్‌వా, కారువా?

ఇక అసలు ప్రశ్న. గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ గంటకు 64 కిలోమీటర్ల వేగంతో కారుని ఒక పక్కగా అడ్డుగోడకి గుద్దించి మార్కులు వేస్తుంది. ఫలితాలు పక్కపక్కన పెట్టి చూద్దాం.

2016 మేలో క్విడ్‌కి వచ్చింది 0 స్టార్లు. 2021లో అదే కుటుంబంలోని ట్రైబర్‌కి పెద్దవాళ్ళ భద్రతలో 4 స్టార్లు.

2022 డిసెంబర్లో స్విఫ్ట్‌కి 1 స్టార్, బాడీ నిర్మాణం అస్థిరం అన్నారు. 2024 నవంబర్లో కొత్త డిజైర్‌కి 5 స్టార్లు, నిర్మాణం స్థిరం అన్నారు. రెండిటి బ్రోషర్లలోనూ ప్లాట్‌ఫామ్ పేరు హార్టెక్ట్.

2022 అక్టోబర్లో కుషాక్, టైగున్‌లకి 5 స్టార్లు. 2023లో స్లావియా, వర్టస్‌లకి కూడా 5.

2020లో సెల్టోస్‌కి 3 స్టార్లు, 2022లో క్రెటాకి 3.

ఏమర్థమైంది? మొదటి రెండు జతల్లో ప్లాట్‌ఫామ్ పేరు కలిసింది, ఫలితం ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. చివరి రెండిటిలో పేరూ కలిసింది, ఫలితమూ కలిసింది. అంటే పేరు చూసి ఫలితం చెప్పలేం. కారణం మనకి తెలిసిందే. నేల కొలతలు ఒకటే అయినా ఏ చోట ఏ గ్రేడు స్టీలు వాడారు, ఎన్ని వెల్డింగ్ చుక్కలు వేశారు, పక్క దూలాల లోపల అదనపు బలం ఇచ్చారా, ఎన్ని ఎయిర్‌బ్యాగులు పెట్టారు, సీటు బెల్టు ఎంత గట్టిగా పట్టుకుంటుంది అన్నవన్నీ ఒక్కో మోడల్‌కి, ఒక్కో ఏడాదికి మారొచ్చు. పేరు అలాగే ఉండి లోపలి నిర్మాణం మారిపోవచ్చు. పరీక్ష నియమాలు కూడా 2022 నుంచి కఠినమయ్యాయి, కాబట్టి పాత స్టారూ కొత్త స్టారూ ఒకే తూకం కావు.

ప్లాట్‌ఫామ్ మంచిదైతే మంచి కారు చెయ్యడానికి వీలుంటుంది. ఆ వీలుని వాడుకున్నారో లేదో చెప్పేది ఆ మోడల్ మీద, ఆ ఏడాది జరిగిన పరీక్ష ఒక్కటే. కాబట్టి షోరూంలో ఎవరైనా "అదే ప్లాట్‌ఫామ్ సార్, ఫైవ్ స్టార్" అంటే "ఈ మోడల్ రిపోర్టు చూపించండి, తేదీతో సహా" అని అడగండి. ఇంట్లో నాన్నకి, బాబాయికి కూడా చెప్పండి. ఈ ఒక్క ప్రశ్నకి పైసా ఖర్చు లేదు.

బయట కవలలు, లోపల పరాయివాళ్ళు

ఇంతవరకు లోపల ఒకటై బయట వేరైన కార్లు చూశాం. దీనికి తిరగేసిన ఉదాహరణ 2024 జనవరిలో వచ్చింది. 2021లో వచ్చిన టాటా పంచ్ కింద ఆల్ఫా అనే ప్లాట్‌ఫామ్ ఉంది. పంచ్ ఎలక్ట్రిక్ చూడ్డానికి దాని కవలలాగే ఉంటుంది, వీల్‌బేస్ కూడా అదే 2445 మి.మీ. కానీ దాని కింద ఉన్నది బ్యాటరీ కార్ల కోసం తయారుచేసిన యాక్టి.ఈవీ. బానెట్ ఎత్తితే ఇంజన్ ఉండాల్సిన వైపు చిన్న సామాను పెట్టె కూడా ఉంటుంది.

బ్యాటరీ రాగానే పాత లెక్క తల్లకిందులైంది. పెట్రోల్ కారులో ఖరీదూ చిక్కూ ముక్కులో ఉండేవి. ఎలక్ట్రిక్ కారులో అవి నేల కిందికి దిగాయి. వందల కిలోల బ్యాటరీ రెండు ఇరుసుల మధ్య పరుచుకుని, నిర్మాణంలో భాగమై, ప్రమాదంలో కాపాడుకోవాల్సిన వస్తువయ్యింది. అరవై ఏళ్ళు "ముక్కు పట్టుకో, తోక సాగదీయి" అని నడిచిన విద్య ఇక "నేల పట్టుకో, మిగతాది చూసుకో" అంటోంది. ఇక మీద ఉమ్మడిగా పంచుకునేదాంట్లో సాఫ్ట్‌వేర్, వైరింగ్ వాటా కూడా పెరుగుతుంది. అంటే ఈ పాఠం ఈసీఈ, సీఎస్ఈ వాళ్ళది కూడా.

మీకో చిన్న పని

క్యాంపస్ పార్కింగులో యజమానిని అడిగి, చుట్టాలనిపించే రెండు కార్లని ఎంచుకోండి. ఒక టేపు చాలు.

ఒకటి, వీల్‌బేస్ కొలవండి. కలిస్తే అనుమానించండి, కలవకపోతే వదిలెయ్యకండి.

రెండు, ముందు చక్రం మధ్య నుంచి ముందు తలుపు మొదలయ్యే గీత దాకా కొలవండి. పెడల్ దూరాన్ని బయట నుంచి నేరుగా కొలవలేం, దానికి దగ్గరగా వచ్చే సూచన ఇదే.

మూడు, ముందు ఓవర్‌హ్యాంగ్, వెనక ఓవర్‌హ్యాంగ్ విడివిడిగా కొలవండి. తేడా ఎక్కువగా ఎటువైపు వచ్చిందో రాసుకోండి.

నాలుగు, రెండిటి క్రాష్ టెస్ట్ రిపోర్టులు తేదీలతో సహా వెతికి, కొలతల పక్కన రాయండి.

ఇప్పుడు మొదటి మాటకొద్దాం. "సెల్టోస్, క్రెటా ఒకటే కారా?" కింది కొలతల్లో చుట్టాలు. టోపీలో ఎవరికి వాళ్ళు. స్టార్లలో ఆ తరానికి సమానం, కానీ రెండిటికీ విడివిడిగా పరీక్ష జరిగింది కాబట్టే ఆ సంగతి తెలిసింది. ఈ జవాబు హాస్టల్ వాదనకి కొంచెం పొడుగే. అయినా ఇంట్లో కారు కొనే రోజు పనికొచ్చేది ఈ పొడుగు జవాబే.

మీరు కొలిచిన లెక్కలు క్లబ్‌కి రాసి పంపండి. మూడు జతల కన్నా ఎక్కువ వస్తే అన్నీ కలిపి వచ్చే సంచికలో ఒక పట్టిక వేద్దాం.